థైరాయిడ్ మాత్రకు మీ రోజులో ఒక చోటు

మందుల షాపులో థైరాయిడ్ మాత్రల సీసా చేతికిస్తూ చెప్పే మాట ఒకటే: "పొద్దున్నే పరగడుపున వేసుకోండి." మాట సరైనదే గానీ సరిపోదు. పరగడుపున అంటే ఎంతసేపు? కాఫీ తాగితే పరగడుపు పోయినట్టేనా? ఏడింటికల్లా పిల్లల స్కూలు బస్సు, ఎనిమిదింటికి ఆఫీసు క్యాబ్ వచ్చే ఇంట్లో ఆ గంట ఎక్కడి నుంచి తేవాలి? వీటికి ఎవరూ జవాబు చెప్పరు కాబట్టి ఎవరికి తోచిన పద్ధతి వాళ్లు పెట్టుకుంటారు. ఒకరోజు కాఫీకి ముందు, ఒకరోజు కాఫీతో పాటు, ఆదివారం టిఫిన్ అయ్యాక. కొన్ని నెలలకు రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్, అంటే ఒంటికి థైరాయిడ్ హార్మోను చాలనప్పుడు పెరిగే అంకె, పెరిగి ఉంటుంది. డాక్టరు మోతాదు పెంచుతారు. ఈసారి భయపడి శ్రద్ధగా వేసుకుంటారు, టీఎస్‌హెచ్ మరీ దిగిపోతుంది. మోతాదు తగ్గిస్తారు. ఈ ఊగిసలాటలో నీరసం, మలబద్ధకం, గుండెదడ, నిద్రలేమి వంతులవారీగా వచ్చిపోతుంటాయి. ఇలాంటి చాలా ఇళ్లలో మాత్రలో లోపమేమీ ఉండదు. దానికి రోజులో స్థిరమైన చోటు ఉండదు. ఆ చోటు ఎలా వెతుక్కోవాలో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ఇక్కడ చెప్పేదంతా హైపోథైరాయిడిజం ఉన్నవాళ్లు, అంటే గ్రంథి తక్కువగా పనిచేసేవాళ్లు వేసుకునే లెవోథైరాక్సిన్ గురించే. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ లాంటి పేర్లతో మన దగ్గర దొరికే మాత్రల్లో ఉండేది ఇదే. గ్రంథి ఎక్కువగా పనిచేసేవాళ్లకు ఇచ్చే కార్బిమజోల్ వేరే మందు. దానికి ఈ లెక్కలు వర్తించవు. హైదరాబాద్‌తో సహా ఎనిమిది భారతీయ నగరాల్లో జరిపిన ఒక సర్వే 2013లో వెలువడింది. అందులో పరీక్షించిన పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. అంటే ఈ సీసా లేని వీధి మన నగరాల్లో ఉండదనే చెప్పుకోవచ్చు.

సమయం సంగతి తేల్చుకోవాలంటే ఈ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో తెలియాలి. తలనొప్పి మాత్ర వేసుకుంటే గంటలో గుణం కనిపిస్తుంది, సాయంత్రానికి దాని ప్రభావం పోతుంది. లెవోథైరాక్సిన్ అలాంటిది కాదు. రక్తంలోకి చేరిన మందులో సగం ఖర్చు కావడానికి దాదాపు వారం పడుతుంది. ఇవాళ వేసుకున్న మాత్ర రేపటికీ ఎల్లుండికీ పనికొస్తూనే ఉంటుంది. నెలా నెలా జీతంలోంచి కొంత తీసి బ్యాంకులో వేసుకునేవాళ్లకు ఒక నెల జమ నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు కదా, ఇదీ అంతే. కాబట్టి ఆరు గంటలకు వేసుకున్నారా, ఏడున్నరకు వేసుకున్నారా అని గడియారం చూసి గాభరా పడాల్సిన పనిలేదు. గడియారం కంటే కడుపు ముఖ్యం.

మింగిన మాత్ర మొత్తం రక్తంలోకి వెళ్లదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు అందులో సుమారు 60 నుంచి 80 శాతం చిన్నపేగుల్లో పీల్చబడుతుంది. మాత్ర కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. కరిగిన మందుకు అన్నం, పాలు, కాఫీ, ఇంకో మాత్ర అడ్డుపడితే పీల్చుకునే వాటా తగ్గిపోతుంది. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది కాబట్టి ఆ తగ్గుదల చిన్నది కాదు. 75 మైక్రోగ్రాముల మాత్ర రోజూ మింగుతూనే 50 వేసుకునేవాళ్లకు అందేంత మందు మాత్రమే మీ ఒంటికి అందుతూ ఉండవచ్చు.

డాక్టరు మోతాదు నిర్ణయించేది మీ టీఎస్‌హెచ్ చూసి. ఆ టీఎస్‌హెచ్ చెప్పేది మీరు మింగిన మాత్ర గురించి కాదు, మీ పేగులు పీల్చుకున్న మందు గురించి. రోజూ ఒకే పద్ధతిలో వేసుకునే మనిషికి, ఆ పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనది కాకపోయినా, డాక్టరు దానికి తగ్గ మోతాదు కుదర్చగలరు. రోజుకో రకంగా వేసుకునే మనిషికి ఎంత మంచి డాక్టరైనా మోతాదు కుదర్చలేరు. అందుకే "ఏది మంచి సమయం" అని అడిగినవాళ్లకు నా జవాబు ఇది: మీ కడుపు ఖాళీగా ఉండి, ఏడాది పొడవునా మీరు నిలబెట్టుకోగలిగిన సమయమే మంచిది. ఈ రెండు షరతుల్లో ఏది లేకపోయినా ఆ సమయం మీది కాదు.

అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండు దారులు చూపించాయి. ఒకటి, పొద్దున టిఫిన్‌కు గంట ముందు. రెండోది, రాత్రి భోజనమయ్యాక కనీసం మూడు గంటలు గడిచి, పడుకునే ముందు. రెండింట్లో ఏది మేలు అన్నదానిపై పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. నెదర్లాండ్స్‌లో 90 మంది పూర్తిచేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. అందులో రాత్రి వేసుకున్న కాలంలో టీఎస్‌హెచ్ పొద్దున వేసుకున్నప్పటికంటే సగటున 1.25 యూనిట్లు తక్కువగా ఉంది, అంటే మందు మెరుగ్గా ఒంటబట్టింది. అయితే రోగులకు మాత్రం ఒంట్లో తేడా ఏమీ తెలియలేదు. దానికి ముందు ఏడాది, 2009లో, అమెరికాలో 65 మందిపై జరిపిన అధ్యయనంలో ఫలితం వేరుగా వచ్చింది. పరగడుపున వేసుకున్నప్పుడు టీఎస్‌హెచ్ సగటు 1.06, రాత్రి వేసుకున్నప్పుడు 2.19, టిఫిన్‌తో వేసుకున్నప్పుడు 2.93. హర్యానాలోని రోహ్‌తక్‌లో కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లపై చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. అక్కడ పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా గుణం సమానంగానే కనిపించింది. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే పొద్దునా రాత్రీ రెండూ పనికొచ్చేవే. పనికిరానిది ఒక్కటే, తిండితో పాటు మింగడం.

ఇప్పుడు మన ఇళ్ల పొద్దుటి పూట సంగతికి వద్దాం. మనకు అడ్డుపడేది టిఫిన్ కాదు, కాఫీ. ఇడ్లీ ఎనిమిదింటికో తొమ్మిదింటికో తింటాం గనుక దానితో పేచీ లేదు. కళ్లు తెరిచిన పది నిమిషాల్లో గ్లాసు చేతికి రావాలి, అక్కడే చిక్కు. కాఫీ వల్ల ఈ మందు పీల్చుకోవడం తగ్గుతుందని 2008లో ఇటలీ వైద్యులు రాశారు. వాళ్లు చూసింది పాలు లేని ఎస్ప్రెస్సో. మన కాఫీలో సగానికి పైగా పాలే, పాలలో ఉన్న కాల్షియం ఇంకో అడ్డంకి. టీ తాగేవాళ్లకూ పాల బాధ తప్పదు. కాబట్టి మాత్ర మంచినీళ్లతోనే మింగాలి. ఆ తర్వాత గంట వరకు కాఫీ, టీ, పాలు, రాగిజావ ఏవీ వద్దు. గంట అసలే కుదరకపోతే అరగంటకు తగ్గకండి, ఆ అరగంటే రోజూ పాటించండి, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పొద్దున్నే మెంతుల నీళ్లు, జీలకర్ర నీళ్లు, తేనె నిమ్మరసం తాగే అలవాటున్నవాళ్లు కూడా వాటిని గంట తర్వాతకు జరుపుకోవడం మేలు. ఇసబ్‌గోల్ లాంటి పీచు పొడులైతే ఇంకా దూరం పెట్టాలి.

కాఫీ మానుకోమని నేను చెప్పను. ముప్పై ఏళ్ల అలవాటును మాత్ర కోసం మానుకున్నవాళ్లు రెండు వారాల్లో మాత్రనే మానేసే ప్రమాదం ఎక్కువ. అంతకంటే మాత్రను ముందుకు జరపడం తేలిక. అరవై దాటిన చాలామందికి తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మూత్రానికి ఒకసారి మెలకువ వస్తుంది. రాత్రి తిన్నది అప్పటికి అరిగిపోయి ఉంటుంది, మళ్లీ లేచేసరికి రెండు మూడు గంటలు పడుతుంది. మంచం పక్కన మాత్ర, గ్లాసుడు నీళ్లు పెట్టుకుంటే ఇంతకంటే మంచి ఘడియ రోజు మొత్తంలో దొరకదు. అయితే సీసా అంతా అక్కడ పెట్టుకోవద్దు, ఆ రోజుకు ఒక్క మాత్ర మాత్రమే తీసి చిన్న డబ్బీలో ఉంచుకోండి. నిద్రమత్తులో రెండుసార్లు వేసుకునే ప్రమాదం ఉండదు. పొద్దున్నే వేసుకున్నానా లేదా అన్న అనుమానం కూడా ఆ ఖాళీ డబ్బీ చూస్తే తీరిపోతుంది. నడకకు వెళ్లేవాళ్లకు ఇంకో సులువు ఉంది. మాత్ర వేసుకుని పార్కుకు బయలుదేరితే తిరిగొచ్చేసరికి గంట అయిపోతుంది, కాఫీకి అడ్డూ ఉండదు.

రాత్రి వేసుకోవడం అందరికీ కుదరదు. పుస్తకాల్లో అది సులువుగా కనిపిస్తుంది. మన ఇళ్లలో తొమ్మిదిన్నరకు భోంచేసి పదిన్నరకు పడుకుంటాం. మూడు గంటల ఎడం రావాలంటే పన్నెండున్నర వరకు మేలుకోవాలి. పడుకునే ముందు పాలు తాగే అలవాటు ఉంటే ఆ దారి పూర్తిగా మూసుకుపోయినట్టే. ఏడింటికల్లా తినేసేవాళ్లకు, షుగర్ వచ్చాక సాయంత్రమే ఫలహారంతో సరిపెట్టుకునేవాళ్లకు, పొద్దున కాఫీ విషయంలో ఎంత ప్రయత్నించినా ఓడిపోతున్నవాళ్లకు మాత్రం రాత్రి చక్కగా నప్పుతుంది. కొందరికి రాత్రి వేసుకుంటే నిద్ర పట్టడం లేదనిపిస్తుంది. అలా అనిపిస్తే బలవంతం చేసుకోకుండా డాక్టరుతో మాట్లాడి పొద్దుటికి మారండి.

కాఫీ కంటే పెద్ద శత్రువులు మందుల డబ్బాలోనే ఉంటాయి. నలభై దాటిన ఆడవాళ్లలో థైరాయిడ్ మాత్రతో పాటు కాల్షియం, ఐరన్ వేసుకునేవాళ్లు ఎంతోమంది. మూడూ కలిపి ఒకే గుక్కలో మింగేస్తుంటారు, పని అయిపోయిందని. ఆ పని నిజంగా అయిపోదు. అమెరికాలో 20 మంది థైరాయిడ్ రోగులకు మూడు నెలలపాటు మాత్రతో కలిపి రోజూ 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూశారు. సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 2.7కు పెరిగింది, కాల్షియం ఆపగానే మళ్లీ దిగింది. 2000లో వచ్చిన ఫలితం ఇది. ఐరన్ దెబ్బ ఇంకా గట్టిది. 14 మందికి ఫెర్రస్ సల్ఫేట్, థైరాక్సిన్ ఒకేసారి ఇస్తే పన్నెండు వారాల్లో సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కు చేరిందని 1992లో రాశారు. ఈ రెండు మాత్రలకూ థైరాయిడ్ మాత్రకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున థైరాయిడ్, మధ్యాహ్న భోజనంతో కాల్షియం, సాయంత్రం ఐరన్ అని పెట్టుకుంటే మూడూ వాటి వాటి పని చేసుకుంటాయి. మల్టీవిటమిన్ మాత్రల్లో కూడా ఐరన్, కాల్షియం ఉంటాయని మరిచిపోవద్దు.

గ్యాస్ మాత్ర సంగతి దీనికంటే తిరకాసు. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కూడా పొద్దున్నే పరగడుపున వేసుకోమంటారు. అలా రెండూ ఒకే సమయానికి వచ్చి పడతాయి. ఇక్కడ ఎడం పాటించినా సమస్య పూర్తిగా తీరదు. గ్యాస్ మాత్ర రోజంతా కడుపులో ఆమ్లాన్ని తగ్గించి ఉంచుతుంది, మన మాత్ర కరగడానికి కావలసింది ఆ ఆమ్లమే. కాబట్టి నెలల తరబడి గ్యాస్ మాత్ర వాడాల్సివస్తే, అది మొదలుపెట్టాక ఒకసారి, ఆపాక ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోవాలి. ఆ మాత్ర ఇచ్చే డాక్టరుకు మీకు థైరాయిడ్ ఉందని తెలియకపోవచ్చు, మీరే చెప్పండి. కడుపులో మంటకు తాగే తెల్లటి యాంటాసిడ్ సిరప్‌లకు మాత్రం నాలుగు గంటల ఎడం చాలు. అవసరం లేకుండానే ఏళ్లకేళ్లుగా అలవాటుగా గ్యాస్ మాత్ర మింగుతున్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అది నిజంగా కావాలా అని డాక్టరును అడగడానికి ఇదొక మంచి సందర్భం.

గర్భిణుల విషయంలో ఇదంతా ఇంకా ముఖ్యం. కడుపులో బిడ్డ మొదటి నెలల్లో తల్లి థైరాయిడ్ హార్మోను మీదే ఆధారపడుతుంది. మందు అవసరం పెరుగుతుంది, చాలామందికి పాతిక ముప్పై శాతం వరకు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వ ఆసుపత్రుల్లోనైనా ప్రైవేటులోనైనా ఐరన్, కాల్షియం మాత్రలు చేతిలో పెడతారు. నెల తప్పిందని తెలిసిన వెంటనే, మూడో నెల దాకా ఆగకుండా, థైరాయిడ్ మాత్ర వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పి పరీక్ష చేయించుకోవాలి. సగం నెలలు గడిచేవరకు ప్రతి నాలుగు వారాలకు టీఎస్‌హెచ్ చూస్తారు. పొద్దుటి వాంతుల వల్ల మాత్ర నిలవకపోతే రాత్రికి మార్చుకోవడం గురించి అడగండి.

హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు, ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీ నర్సులకు "పొద్దున్నే" అన్న మాటకు అర్థం లేదు. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి టిఫిన్ తిని పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేచేవాళ్లకు ఆ వేళే తెల్లవారుజాము. నిద్ర లేవగానే మాత్ర, గంట తర్వాత భోజనం అని పెట్టుకుంటే చాలు. షిఫ్టులు వారంవారం మారేవాళ్లు గంటను కాకుండా "నిద్ర లేవగానే" అన్న గుర్తును పట్టుకోవాలి.

రంజాన్ నెలలో ఉపవాసం ఉండేవాళ్లకు తారావీ నమాజు, ఆలస్యపు భోజనాల వల్ల రాత్రి వేళలు తారుమారవుతాయి. ఇఫ్తార్‌కు మంచినీళ్లతో మాత్ర వేసుకుని కాసేపు ఆగి తినడం ఒక దారి. సహరీకి అరగంట, గంట ముందే లేవగలిగితే అప్పుడు వేసుకోవడం ఇంకో దారి. ఏది కుదురుతుందో నెల మొదలుకాకముందే డాక్టరుతో మాట్లాడుకుని నెలంతా దానికే కట్టుబడాలి. పండగ అయ్యాక ఒకసారి పరీక్ష చేయించుకుంటే ఇంకా మంచిది. ఏకాదశికీ కార్తీక సోమవారాలకూ ఉపవాసముండే అమ్మలు మాత్ర కూడా మానేస్తుంటారు. మంచినీళ్లు తాగే ఉపవాసమైతే మాత్ర వేసుకోవడానికి ఆటంకం లేదు, కడుపు ఖాళీగా ఉంది కాబట్టి అది మంచి రోజే.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు పది పన్నెండు గంటల తేడా చూసి కంగారుపడతారు. అక్కడ దిగిన మర్నాడు అక్కడి పొద్దుటి లెక్కన మొదలుపెడితే సరిపోతుంది. మధ్యలో కొన్ని గంటలు అటూ ఇటూ అయినా, పైన చెప్పినట్టు, ఒంట్లో నిల్వ ఉన్న మందు చూసుకుంటుంది. మాత్రల సీసాను మాత్రం చెకిన్ సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. ఈ మందుకు వేడి, వెలుతురు, తేమ పడవు. మే నెలలో వంటగదిలో పొయ్యి పక్క అలమరా దానికి తగిన చోటు కాదు.

ఒకరోజు మరిచిపోతే? అదే రోజు గుర్తొస్తే కడుపు ఖాళీగా ఉన్న సమయం చూసి వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే ఎప్పటి మాత్ర ఎప్పటిలా వేసుకోండి. ఒక్క రోజు తప్పినందుకు ఏమీ కాదు. తరచూ మరిచిపోతుంటే అది చెప్పుకోవలసిన సంగతే, దానికి తగ్గ ఏర్పాటు డాక్టరు చూస్తారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పెద్దవయసువాళ్లు పోయిన రోజుల మాత్రలన్నీ కలిపి ఒకేసారి మింగకూడదు.

ఈ అధ్యాయం చదివి రేపటి నుంచే సమయం మార్చుకోవాలనుకునేవాళ్లు ఒక్క నిమిషం ఆగాలి. ఇన్నాళ్లూ టిఫిన్‌తో వేసుకుంటూ అందుకు తగ్గ మోతాదులో ఉన్న మనిషి హఠాత్తుగా పరగడుపుకు మారితే, అదే మాత్ర ఎక్కువగా ఒంటబడుతుంది. గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, బరువు తగ్గడం అందుకు గుర్తులు. ఎక్కువ మోతాదు ఏళ్లపాటు సాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. కాబట్టి సమయం మార్చుకోవడం మోతాదు మార్చుకోవడంతో సమానమని గుర్తుంచుకోండి. మారే ముందు డాక్టరుకు చెప్పండి, మారిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి. అంతకంటే ముందు చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. టీఎస్‌హెచ్ రాత్రిపూట ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కనుక ప్రతిసారీ పొద్దున ఒకే వేళకు రక్తం ఇవ్వండి. ఆ రోజు మాత్రను రక్తం ఇచ్చాక వేసుకోండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, అవి రిపోర్టును తప్పుదారి పట్టిస్తాయి.

ఇవాళ రాత్రే ఒక కాగితం తీసుకోండి. లేచే వేళ, మొదటి కాఫీ, టిఫిన్, భోజనాలు, వేసుకునే ప్రతి మాత్ర, పడుకునే వేళ వరసగా రాయండి. కడుపు ఎక్కువసేపు ఖాళీగా ఉండే చోటును, అందులోనూ సెలవు రోజుకూ పనిరోజుకూ మారని చోటును గీత గీసి గుర్తు పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రిపోర్టులతో పాటు ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి. మోతాదు గురించి మాట్లాడే ముందు అది చూడమని అడగండి.